డబ్బు కట్టిన ఖాళీ సీట్లు

జూన్ 4

అత్తకి,

తేనె సీసా అందింది. డ్రైవరు బాబాయి దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నీ బస్సు దిగాడు. మూతకి కట్టిన చీటీ మీద నీ అక్షరాలు: "పొద్దున్నే ఒక చెంచా. గొంతు తేటపడుతుంది."

నా గొంతుకి ఏమీ కాలేదు అత్తా. అది తేటపడాల్సిన పనీ లేదు. నేను పాడను. పాడాలని లేదు. పాడాలని ఉండి, సిగ్గుతో మీ దగ్గర దాచిపెట్టడమూ లేదు. ఈ మూడో మాట మీలో ఒక్కరూ నమ్మడం లేదని నాకు తెలుసు. మొన్న ఫోన్లో నాన్న "ఒక్క ముక్క పాడమ్మా, ఇంట్లో ఎవరూ లేరులే" అన్నాడు. అమ్మ ఇంకో అడుగు ముందుకేసి పక్కింటావిడకి "మా అమ్మాయి ఇంకా స్టేజి ఎక్కలేదండీ, నేర్చుకుంటోంది" అని చెప్పిందట. సంగీతం హాల్లో పనిచేసే మనిషికి పాడాలన్న కోరిక తప్ప ఇంకోటి ఉండదని మీరంతా ఎలా తేల్చేశారు? నీకు మూడు బస్సులున్నాయి. నీకు డ్రైవింగు మోజని ఎవరైనా అన్నారా? నీకు స్టీరింగు పట్టుకోవడం కూడా రాదు.

ఇదంతా ఫోన్లో చెబుదామంటే నువ్వు నన్ను రెండో వాక్యం దాకా రానివ్వవు. అందుకే కాగితం. దీనికి నువ్వు మధ్యలో అడ్డుపడలేవు. బాబాయి ఎలాగూ వారానికి మూడుసార్లు వస్తాడు కాబట్టి స్టాంపు ఖర్చు కూడా లేదు.

నా పని ఇదీ. ఏ రోజు ఎవరు పాడితే ఎంతమంది వస్తారో ముందే ఊహించాలి. ఆ ఊహని బట్టి పాడేవాళ్ళకి ఎంతిస్తామో మాట్లాడాలి. పెద్దాయన చేత సంతకం పెట్టించాలి. పెద్దాయనంటే హాలు యజమాని. అంత పెద్దవాడేం కాదు, మోకాళ్ళ నొప్పి వల్ల అలా కనిపిస్తాడు.

హాలు ఒకప్పుడు గొడుగుల గిడ్డంగి. ఒక్క కిటికీ లేదు. ఎండ తగిలితే గొడుగుల రంగు వెలుస్తుందని కట్టినవాళ్ళు పెట్టలేదట. ఇప్పుడు ఆ గోడలే వీధిలో హారన్ల నుంచి పాటని కాపాడుతున్నాయి. నూట యాభై కుర్చీలు, మూసేసిన సినిమా హాలు నుంచి కొన్నవి. వెనకాల చిన్న క్యాంటీన్.

పోయిన వారం వాన కురిసిన సాయంత్రం తొంభై మంది వచ్చారు. మర్నాడు ఆకాశం అద్దంలా ఉంటే నలభై మందే. ఎందుకు? పాడినవాళ్ళు ఇద్దరూ ఒకటే స్థాయి. నేను వారం నుంచి దీని మీదే ఉన్నాను. నాకు ఈ పని ఎందుకు నచ్చిందో ఇప్పటికైనా అర్థమైతే సంతోషం.

పెద్దాయన నన్ను ఆగస్టు దాకా చూస్తానన్నాడు. నిలబడితే ఉద్యోగం, లేకపోతే లేదు.

తేనె బాగుంది. బ్రెడ్డుకి రాసుకుంటున్నాను.

పాడని మేనకోడలు

---

జూన్ 9

ఎందుకమ్మకి,

దీవెనలు తర్వాత, ముందు జవాబు.

నువ్వు పాడవని నేను ఒప్పేసుకున్నాను. మీ అమ్మ ఒప్పుకోలేదు. "అది చిన్నప్పుడు కూడా ఆకలేస్తే లేదనేది వదినా" అంది. నేనేం చెప్పను? నీకు మాటలు రాగానే ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీస్తుంటే ఆ పేరు పెట్టింది నేనే, జవాబులు చెప్పిందీ నేనే. ఇప్పుడు నా వంతు, నేనడుగుతాను, నువ్వు చెప్పు.

జనం వస్తారో రారో తెలియకుండా పాడేవాళ్ళకి ఇంతిస్తామని ముందే మాటిస్తారా? నువ్వూ ప్యాసింజర్లు ఎక్కకముందే డీజిలు పోయిస్తావు కదా అంటావు. అంటావని తెలుసు. కానీ డీజిలుకి అభిమానం ఉండదు. జనం తక్కువైతే అలిగి వెళ్ళిపోదు. నాకు ఈ వ్యాపారం తలా తోకా అంతుపట్టడం లేదు. నాకు తెలిసిన భాషలో చెప్పు, డబ్బుల్లో కాదు, సీట్లలో.

ఇంకో మాట. మీ దగ్గర పాడేవాళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నారో, ఎక్కడికి పోతున్నారో కనుక్కుంటున్నావా? తిరుగు ట్రిప్పులో నా బస్సు ఖాళీగా రావాల్సి వస్తే సగం చార్జీకైనా ఎక్కించుకోమంటాను. మనుషులూ అంతే. ఊరికే కూర్చోబోయే రోజున అడిగితే తక్కువకి వస్తారు.

ఆఫీసులో నా పక్క కుర్చీకి కొత్త కుషను వేయించాను. నీలం రంగు. ఎవరికని అడక్కు. మీ పెద్దాయన ఆగస్టు దాకా చూస్తానన్నాడుగా, నేనూ అప్పటిదాకే చూస్తాను. ఒక్కదాన్నే మూడు బస్సుల్ని, నలుగురు డ్రైవర్లని, రోజూ పోట్లాడే ప్యాసింజర్లని చూసుకోలేకపోతున్నాను. బయటివాళ్ళకి ఇవ్వడానికి మనసొప్పడం లేదు.

వానకి తొంభై మంది ఎందుకొచ్చారో నేను చెప్పనా? తడవకుండా ఉండటానికి.

మీ అత్త

---

జూన్ 20

అత్తా,

తడవకుండా ఉండటానికని నేనూ అనుకున్నాను. కానీ వాన మొదలైంది ప్రోగ్రాం మొదలైన తర్వాత. చూశావా, జవాబు చెప్పడానికి నువ్వెంత తొందరపడతావో.

అయినా నీ తిరుగు ట్రిప్పు మాట మాత్రం నెత్తిన పెట్టుకున్నాను. ఇక్కడ ఒక గాయని ఉంది. గొంతులో సన్నటి జీర, ఇసుక మీద నీళ్ళు పారుతున్నట్టు. హాల్లో అందరం జీరగొంతు అంటాం, ఎదురుగా మాత్రం మేడం. శనివారం ఒక ఊళ్ళో పాడి, బుధవారం ఇంకో ఊరికి పోతుందని తెలిసింది. మధ్యలో మూడు రోజులు లాడ్జిలో ఉత్తినే కూర్చోవాలి. "సోమవారం మా దగ్గర పాడండి" అన్నాను. మామూలుగా అడిగేదానికంటే చాలా తగ్గింది. పెద్దాయన "ఈ తెలివి ఎక్కడిది?" అన్నాడు. "బస్సులది" అన్నాను.

నువ్వడిగినట్టు సీట్లలోనే చెబుతాను. ఒక సాయంత్రం హాలు తెరిస్తే అద్దె, కరెంటు, మైకులు చూసే ఆయన, పోస్టర్లు అంతా కలిపి నలభై టికెట్ల ఖర్చు. జీరగొంతుకి గ్యారంటీ యాభై టికెట్ల డబ్బు. గ్యారంటీ అంటే హాల్లో పిల్లి ఒక్కటే కూర్చున్నా ఇవ్వాల్సింది. అంటే తొంభై టికెట్లు అమ్మితే గట్టున పడతాం. తొంభై దాటాక అమ్మే ప్రతి పది టికెట్లలో ఏడు ఆవిడవి, మూడు మావి. ఎక్కువమందిని లాక్కొచ్చే గొంతు ఆవిడది కదా, న్యాయమే.

ఇప్పుడు అసలు సంగతి. హాలు మొత్తం నిండినా టికెట్ల మీద మాకు మిగిలేది పద్దెనిమిది టికెట్ల డబ్బు. అదే రోజు క్యాంటీన్లో టీ, కాఫీ, బిస్కెట్ల మీద మిగిలేది దానికి రెట్టింపు. సుమారుగా నలుగురు టీ తాగితే ఒక టికెట్టు. మేము నిజంగా బతికేది టీ మీద అత్తా. పాట అనేది జనాన్ని టీ దగ్గరికి తీసుకొచ్చే బస్సు. ఈ మాట పాడేవాళ్ళ ముందు అనకూడదు.

అనకూడదనుకుంటూనే దాదాపుగా అనేశాను. నేను గమనించింది ఒకటుంది. ఇంటర్వెల్ ముందు దిగులు పాట పాడితే జనం కుర్చీల్లోంచి లేవరు. అలాగే చూస్తూ కూర్చుంటారు. ఆ రోజు టీ పోదు. హుషారైన పాట పాడితే కాళ్ళు ఊరికే ఉండవు, తిన్నగా క్యాంటీన్‌కి పోతారు. ఇది చెప్పి "ఇంటర్వెల్ ముందు ఏదైనా హుషారుది పాడతారా మేడం?" అని అడిగాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి "మీ టీ చల్లారిపోతుందని నా పాట మార్చుకోవాలా అమ్మాయ్?" అంది. సరే, దిగులుతోనే ఇంటర్వెల్.

పెద్దాయన ఈ ప్రోగ్రాం మొత్తం నా నెత్తి మీద పెట్టాడు. "ఇది నీది. నిలబెట్టుకుంటే ఉంటావు. పడుకుందంటే వచ్చే నెల నుంచి నేనే చూసుకుంటా, నువ్వు మీ ఊరు వెళ్ళు" అన్నాడు, కోపంగా కాదు, టీలో పంచదార సరిపోయిందని చెప్పినంత మామూలుగా. ఇవాళ్టికి అమ్ముడైనవి ముప్ఫై ఒకటి. ఈ ఊళ్ళో సగం మంది అప్పటికప్పుడు గుమ్మం దగ్గర కొంటారని కౌంటరక్క అంటుంది. పన్నెండేళ్ళుగా టికెట్లు అమ్ముతున్న మనిషి, ఆవిడ మాట నమ్మాలి. నమ్మితే నిద్ర పట్టాలి కదా, పట్టడం లేదు.

ప్రోగ్రాం ఇరవై తొమ్మిదిన. ఇది పోతే నీ నీలం కుషనే గతి.

ఎందుకమ్మ

---

జూలై 1

బంగారానికి,

హాలు నిండిందటగా! సీట్లన్నీ అమ్ముడుపోయి గుమ్మానికి హౌస్‌ఫుల్ బోర్డు పెట్టారటగా! నాకు పొద్దున్నే తెలిసింది. ఆఫీసులో అందరికీ కాఫీ తెప్పించాను. ఎందుకో చెప్పలేదనుకో.

ముప్ఫై ఒకటి, ముప్ఫై ఒకటి అని కుమిలిపోయావు. చూశావా మరి! నీకు ఊహ బాగా పనిచేస్తుంది, గుండె మాత్రం కోడిపిల్లది. అది మీ నాన్న పోలిక.

ఇక పెద్దాయనకి నువ్వేమిటో తెలిసింది. ఇప్పుడు తల ఎత్తుకుని ఉండు. గెలిచి ఉన్నప్పుడు మనిషి ఎక్కడ కూర్చోవాలో తనే ఎంచుకోవచ్చు. నేనేమీ అనడం లేదు. కుషను అలాగే ఉంది, దుమ్ము పడకుండా గుడ్డ కప్పాను.

ఇంకో సీసా పంపుతున్నాను, బ్రెడ్డుకే రాసుకో.

అత్త

---

జూలై 4

అత్తా,

నీకు ఒక వింత చెప్పాలి. నువ్వే విప్పాలి దీన్ని.

ఇరవై తొమ్మిది మధ్యాహ్నానికే నూట యాభై అమ్ముడైపోయాయి. కౌంటరక్క హౌస్‌ఫుల్ బోర్డు దుమ్ము దులిపి బయట పెట్టింది. అది పెట్టి ఎన్నాళ్ళయిందో దాని వెనక బల్లి గుడ్లున్నాయి. క్యాంటీన్లో నూట యాభై మందికి సరిపడా తెప్పించాం. సాయంత్రం గుమ్మం దగ్గరికి జనం వస్తూనే ఉన్నారు, బోర్డు చూసి తిరిగిపోతూనే ఉన్నారు. ఒకాయన వాళ్ళావిడతో "నేను చెప్పానా ముందే కొనుక్కుందామని" అని కసురుకుంటూ వెళ్ళాడు. నాకు పట్టరాని గర్వం.

లోపలికెళ్ళి చూస్తే కొంప మునిగింది. ముందు మూడు వరసల్లో జనం. వెనక రెండు వరసల్లో జనం. మధ్యలో ఐదు వరసలూ ఎడారి. లెక్కపెడితే డెబ్భై మంది. ఎనభై సీట్లు డబ్బు కట్టి మరీ రాలేదు.

పాట మొదలయ్యాక జీరగొంతు చూపు ఆ మధ్య వరసల మీదే. వెనకవాళ్ళకి అందేలా గొంతు పెంచాలో, ముందువాళ్ళ కోసం తగ్గించాలో తెలియక రెండు పాటల దాకా తడబడింది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని పాడింది. చాలా బాగా పాడింది. ఇంటర్వెల్‌లో డెబ్భై మందిలో ముప్ఫై మంది కూడా లేవలేదు, దిగులు పాట కదా. మిగిలిపోయిన కేకులు మర్నాడు మేమే తిన్నాం, ఆ మర్నాడు కూడా.

ఎనభై మంది ఎందుకు రాలేదు? నాకు తోచినవి ఇవి. ఏదో ఆఫీసు వాళ్ళు సిబ్బందికి కానుకగా కొన్నారు, సిబ్బందికి పాటలంటే పడదు. లేదా దూరం నుంచి రావాల్సిన వాళ్ళు, దారిలో చిక్కుకున్నారు. ఆ రోజు మీ బస్సులు సరిగ్గానే నడిచాయా? లేదా ఎవరో బ్లాకులో ఎక్కువ ధరకి అమ్ముకుందామని కొని, అమ్ముకోలేకపోయారు. మూడోదైతే మంచి కబురే, ఆవిడకి అంత గిరాకీ ఉన్నట్టు.

పెద్దాయన మూడోదే అన్నాడు. "ముందే నూట యాభై అమ్ముడైన మనిషి. పక్క హాలు వాళ్ళు ఎగరేసుకుపోకముందే పట్టు" అన్నాడు. పట్టాను. ఆగస్టు ఏడు, ఎనిమిది, రెండు సాయంత్రాలు. ఈసారి ఆవిడ తిరుగు ట్రిప్పు ధరకి రాదు కదా, హాలు నిండిన గాయని ఇప్పుడు. గ్యారంటీ రోజుకి తొంభై టికెట్లు. మన ఖర్చు నలభై కలిపితే ఒక్కో సాయంత్రం నూట ముప్ఫై అమ్మాలి. కాగితాల మీద సంతకాలయ్యాయి. అవి నిండితే ఉద్యోగం ఖాయమన్నాడు పెద్దాయన.

అంతా బాగానే ఉంది. కానీ ఆ ఎనభై సీట్లు నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

అవునూ, హాలు నిండిందని నీకెలా తెలిసింది? నేనింకా ఎవరికీ చెప్పలేదు.

ఎందుకమ్మ

---

జూలై 8

ఎందుకమ్మా,

డ్రైవరు చెప్పాడు. బస్టాండు నుంచి వస్తూ బోర్డు చూశాడట. మా బస్సులు బ్రహ్మాండంగా నడిచాయి.

అయినా డబ్బు కట్టి రానివాళ్ళ మీద అంత బెంగ దేనికి? నా లైనులో అంతకంటే మంచి ప్యాసింజరు లేడు. టికెట్టు కొని ఎక్కనివాడు కిటికీ వెయ్యమనడు, తియ్యమనడు, వాంతి చేసుకోడు, సామాను పైన పెట్టమనడు. బరువు తగ్గి డీజిలు కూడా కలిసొస్తుంది. అలాంటి ఎనభై మంది దొరికితే దణ్ణం పెట్టుకోవాలి గానీ ఎందుకు రాలేదని ఆరా తీస్తారా?

రెండు రోజులకి సంతకం పెట్టేముందు నన్ను ఒక్క మాట అడగాల్సింది.

అత్త

---

జూలై 13

అత్తా,

నిన్న మధ్యాహ్నం కౌంటరక్క భోజనం చేస్తూ నవ్వుతూ ఒక కథ చెప్పింది. పోయిన నెల ఒకాయన నాలుగు సార్లు వచ్చాడట. వచ్చినప్పుడల్లా ఇరవై టికెట్లు. మొదటిసారే "కిటికీ పక్కవి ఉన్నాయా అమ్మా?" అన్నాడట. "ఇది హాలండీ, కిటికీలు లేవు" అంటే, కాసేపు ఆలోచించి "అయితే టైరు మీద సీట్లు వద్దు. ముందువీ వద్దు, వెనకవీ వద్దు, కుదుపు ఉంటుంది. మధ్యలో ఇవ్వండి" అన్నాడట.

అక్క కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. నేను కంచం పక్కన పెట్టేశాను.

ఎనభై అంటే నీ బస్సులు రెండు. నాకు ముందే తట్టాల్సింది.

నువ్వేం చేశావో తెలుసా? ఆ సాయంత్రం తిరిగిపోయినవాళ్ళని ఎవరూ లెక్కపెట్టలేదు. నలభై అయినా ఉంటారని అక్క అంటుంది. ఉన్న డెబ్భై, ఆ నలభై కలిస్తే నూట పది. తొంభైకి మించి. అంటే నువ్వు వేలు పెట్టకపోయినా నేను గట్టెక్కేదాన్ని. లేదా ఎక్కేదాన్ని కాదు. ఏది నిజమో ఇక ఎప్పటికీ తెలియదు. నాకు అన్నిటికంటే కోపం అందుకు. నేను ఒక ప్రశ్న వేసుకున్నాను అత్తా. మూడు వారాలు దాని చుట్టూ తిరిగాను. జవాబు వచ్చే రోజున నువ్వు వచ్చి నీ జవాబు రాసేసి వెళ్ళిపోయావు. చిన్నప్పటి నుంచీ ఇంతే నువ్వు.

నీ బస్సులో డబ్బు కట్టిన ఖాళీ సీటు లాభం. మా హాల్లో అంతకంటే దరిద్రం లేదు. అది టీ తాగదు. చప్పట్లు కొట్టదు. పాట బాగుందని పక్కింట్లో చెప్పదు. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని లోపలికి రానివ్వదు. పైగా అబద్ధం చెబుతుంది. ఆ అబద్ధం నమ్మి నేను రెండు రోజులకి తొంభై చొప్పున సంతకం పెట్టాను. ఆగస్టు ఏడుకి ఇప్పటిదాకా అమ్ముడైనవి తొమ్మిది.

నేను గెలవలేనని నీకు ముందే ఖాయం కదా. లేకపోతే నేను ఓడిపోతే నీ కుర్చీ నిండుతుంది కాబట్టి, ఓటమి ఎలా ఉంటుందో చూపించావా?

పెద్దాయనకి పొద్దున్నే అంతా చెప్పేశాను. ఆయన చాలాసేపు మోకాలు రుద్దుకుని "ఇరవై ఏళ్ళుగా ఖాళీ సీట్లు చూశాను. మేనత్త కొన్న ఖాళీ సీట్లు ఇదే మొదలు" అన్నాడు. తర్వాత "ఆ గాయనికి నువ్వే వెళ్ళి చెప్పు" అన్నాడు. రేపు వెళ్తున్నాను.

ఈ ఉత్తరం బాబాయి చేతికే ఇస్తున్నాను. పాపం ఆయన నా మొహం చూడలేక టైర్లు తన్ని చూసుకుంటున్నాడు.

నీ మేనకోడలు

---

జూలై 17

ఏమే,

డ్రైవరు నీ ఉత్తరాన్ని బల్ల మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. చదవకముందే తెలిసిపోయింది.

కొన్నాను. ఎనభై కొన్నాను. నా డబ్బు, నా ఇష్టం. తిరిగిస్తానని ఒక్క మాట రాశావంటే ఊరుకోను.

కానీ నువ్వు ఓడిపోవాలని కొన్నానంటావా? ఆ మాట ఎలా రాయగలిగావే? నువ్వు ఓడిపోవాలనుకుంటే నేను కాళ్ళు చాపుకుని ఊరికే కూర్చుంటే చాలదా? ముప్ఫై ఒకటి అమ్మావని నువ్వే రాశావు, నిద్ర పట్టడం లేదని నువ్వే రాశావు. అది చదివి నేను ఏం చెయ్యాలి?

నా మనసులో మాట చెబుతాను, ఒక్కసారే చెబుతాను. ఓడిపోయి మొహం వేలాడేసుకుని వచ్చే మనిషి నాకు అక్కర్లేదు. అలా వచ్చి కూర్చున్నవాళ్ళు పదేళ్ళయినా కిటికీ లోంచి బయటికే చూస్తుంటారు. నువ్వు గెలవాలి. గెలిచి, ఇంతేనా అనిపించి, అప్పుడు నీ అంతట నువ్వు రావాలి. అందుకు కొన్నాను. ఖాళీ సీటు మీకు చెరుపని నాకేం తెలుసు? నాకు తెలిసిన సీట్లలో అది మేలే చేస్తుంది.

ఇప్పుడు నేను చేసింది నేనే సరిచేస్తాను. ఆ రెండు రోజులకీ రెండేసి బస్సులు పంపుతాను. ఈసారి ఉత్త టికెట్లు కాదు, మనుషులతో సహా. డ్రైవర్లు, క్లీనర్లు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు, మెకానిక్కు అత్తగారు. అందరూ రెండేసి టీలు తాగుతారు, నేను చెబితే తాగుతారు. చప్పట్లు కూడా కొడతారు. ఎప్పుడు కొట్టాలో చెప్పు.

లేదూ, ఇదంతా ఎందుకనుకుంటే, నెలాఖరుకి వచ్చెయ్. నిన్ను ఎవరూ ఏమీ అడగరు. మీ అమ్మని నేను చూసుకుంటాను. నెలకింతని ఖాయంగా ఇస్తాను, ప్యాసింజర్లున్నా లేకపోయినా. నీ భాషలో గ్యారంటీ.

ఏదో ఒకటి తేల్చి రాయి.

అత్త

---

ఆగస్టు 11

అత్తా,

బస్సులు వద్దని డ్రైవరు బాబాయితో ఒక్క ముక్క చెప్పించి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. రెండు సాయంత్రాలూ అయ్యాక రాద్దామనుకున్నాను. అయ్యాయి.

మొదట జీరగొంతు సంగతి. ఆవిడ సైకిలు షాపు మీద గదిలో పిల్లలకి పాట నేర్పుతుంది. మెట్ల దాకా చెప్పులే. పిల్లల్ని పంపించేదాకా ఆగి, ఉన్నదున్నట్టు చెప్పాను. విని "నా మీద జాలిపడి మీరే కొనుక్కున్నారనుకున్నాను అమ్మాయ్" అంది. ఆ రెండు వారాలూ ఆవిడ అదే మనసులో పెట్టుకుని తిరిగింది. అయినా మా దగ్గర సంతకం పెట్టింది. ఎందుకు పెట్టారని అడిగితే "జాలిపడేవాళ్ళు డబ్బు సరిగ్గా ఇస్తారు" అంది.

గ్యారంటీ తగ్గించమని అడిగాను. తగ్గించనంది. ఆ రెండు రోజులకీ వేరే ఊరి పిలుపు వదులుకుంది, వాయించేవాళ్ళకి మాటిచ్చేసింది. నేను లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి "ఇంటర్వెల్ ముందు నువ్వడిగిన హుషారుది పాడతాలే" అంది. టీ కోసమని ఇద్దరం అనలేదు.

ఏడో తేదీన ఎనభై నాలుగు మంది. ఎనిమిదిన నూట ఇరవై ఏడు. రెండు రోజులూ నూట ముప్ఫై చొప్పున కావాలి. టికెట్ల మీద నలభై తొమ్మిది తక్కువ. హుషారు పాట తర్వాత క్యాంటీన్ దగ్గర తోసుకున్నారు. టీ మీద మిగిలింది యాభై రెండు టికెట్ల డబ్బు. రెండు సాయంత్రాలకీ కలిపి హాలుకి మిగిలింది మూడు టికెట్ల డబ్బు. పెద్దాయన "మా ఆవిడకొకటి, నాకొకటి, నీకొకటి" అన్నాడు.

గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళని అడిగాను, ఎలా తెలిసి వచ్చారని. చాలామంది ఒకటే మాట: "పోయినసారి సీట్లు దొరక్క వెనక్కెళ్ళాం." వాళ్ళావిణ్ణి కసురుకున్న ఆయన ఈసారి ముందే కొన్నాడు, నాలుగు. ఒకామె "అంత నిండిందంటే ఏదో ఉండే ఉంటుందని వచ్చాం" అంది. అంటే నీ అబద్ధపు బోర్డు కొందరిని తీసుకొచ్చింది అత్తా. ఎంతమందినో తేల్చలేను. నిన్ను మెచ్చుకోవడానికి ఇది రాయడం లేదు. బోర్డు చూసి తిరిగిపోయిన మనిషికి కోపం రాకుండా కోరిక ఎందుకు పుడుతుంది? దీని మీద ఇంకా ఆలోచిస్తున్నాను.

ఎనిమిదిన డ్రైవరు బాబాయి వచ్చాడు. ఒక్క టికెట్టు, ఒక్క మనిషి. కౌంటరక్క "కిటికీ పక్కదా?" అని అడిగితే సిగ్గుపడి చివరి వరసలో కూర్చున్నాడు. రెండు టీలు తాగాడు. దిగులు పాటలో కళ్ళు తుడుచుకున్నాడు, నాకు తెలియదనుకున్నాడు. నువ్వు పంపావా అని నేను అడగలేదు.

నువ్వు ఓడించాలని కొన్నావని రాశాను. ఆ మాట తప్పు. జవాబు నీ చేతిలో పెట్టుకున్నావన్న మాట మాత్రం తప్పు కాదు.

నిన్న పెద్దాయన పిలిచాడు. మూడు టికెట్ల డబ్బు మీద ఉద్యోగం ఖాయం చెయ్యలేనన్నాడు. రెండు దారులు చూపించాడు. ఒకటి, కౌంటరక్క పక్కన కూర్చుని టికెట్లు అమ్మడం, నెలకింతని ఖాయం, కళాకారుల సంగతి ఆయనే చూసుకుంటాడు. రెండోది, ఎవరిని పిలవాలో, ఎంతివ్వాలో పూర్తిగా నాదే, నెల జీతం లేదు. మూడు నెలలకోసారి హాలుకి మిగిలిన దాంట్లో పదికి రెండు వంతులు నావి. మిగలకపోతే ఏమీ లేదు.

నీది మూడో దారి. అది కూడా గ్యారంటీయే.

రెండోది తీసుకున్నాను. గది ఖాళీ చేసి కౌంటరక్క ఇంట్లో మేడ మీద గదిలోకి మారుతున్నాను, అద్దె సగం. సెప్టెంబరుకి ముగ్గురితో మాట్లాడాను, ముగ్గురూ తిరుగు ట్రిప్పే. పెద్దాయన కాగితం మీద ఇవాళ పొద్దున సంతకం పెట్టాను.

నేను రావడం లేదు అత్తా. నీలం కుషను కుర్చీ ఎవరికైనా ఇచ్చెయ్.

ఎందుకమ్మ